గోల్ కీపరుకు ఆముదం

1943 ఫిబ్రవరిలో నన్ను కర్నూలు నుంచి బేతంచెర్ల దగ్గరి యుద్ధఖైదీల క్యాంపుకు డెప్యుటేషన్ మీద పంపించారు. ఉత్తర్వులో నా హోదా సివిల్ సబ్ అసిస్టెంట్ సర్జన్. ఎల్.ఎం.పి. చదివి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరినవాళ్ళందరం మొదట ఆ మెట్టు మీదే నిలబడేవాళ్ళం, చాలామందిమి అక్కడే రిటైరయ్యేవాళ్ళం కూడా. జీతం మద్రాసు ప్రభుత్వం ఇచ్చేది, పని మిలిటరీవాళ్ళు చేయించుకునేవాళ్ళు, తిట్టే హక్కు మాత్రం ఇద్దరికీ ఉండేది. ఉత్తర్వు చేతికి రాగానే నాకు భయం పట్టుకుంది. ఖైదీలంటే కాదు. మా అన్న అంతకు ముందు ఏడాది ఆగస్టు గొడవల్లో అరెస్టయి బళ్ళారి జైల్లో ఉన్నాడు. క్షమాపణ కాగితం మీద సంతకం చేస్తే వదిలేస్తామన్నా ఆయన చేయలేదు. అలాంటి మనిషి తమ్ముణ్ణి మిలిటరీ క్యాంపుకు ఎవరో చూసుకోకుండా వేసి ఉంటారనీ, ఆ సంగతి పైవాళ్ళ కంట పడిన రోజు నా పని అయిపోతుందనీ అనుకుంటూనే రైలెక్కాను.

ఖైదీలు ఇటలీ సిపాయిలు. ఆఫ్రికా ఎడారుల్లో పట్టుబడి ఓడల్లో మన దేశానికి చేరినవాళ్ళు. పెద్ద క్యాంపులు వేరేచోట్ల ఉండేవి. మాది చిన్న శాఖ. మిలిటరీ గోదాములకూ ఆసుపత్రులకూ నేల పరచడానికి నాపరాళ్ళు కావాలి గనుక, ఖైదీల్లో రాతిపని తెలిసినవాళ్ళను ఏరి ఇక్కడ దించారు. గనిలో మన కూలీలు పొరలు లేపి మోసుకొస్తే, వీళ్ళు అంచులు కొట్టి నునుపు చేసేవాళ్ళు. రాళ్ళు బండ్ల మీద స్టేషనుకు పోయి వ్యాగన్లకు ఎక్కేవి. క్యాంపు కమాండరు ఒక ఇంగ్లీషు మేజరు. వ్యాగన్లు వేళకు నిండితే ఆయన మంచివాడు.

నా పని రోజూ పొద్దున సిక్ పెరేడ్‌తో మొదలయ్యేది. ఒంట్లో బాగాలేదన్న ఖైదీలను వరసగా నిలబెడతారు. ఒక్కొక్కరినీ చూసి మూడింటిలో ఒకటి రాయాలి. మందు ఇచ్చి పనికి పంపడం, ఆ రోజుకు పని మినహాయించడం, ఆసుపత్రిలో చేర్చుకోవడం. నాలుగోది లేదు. జబ్బు లేనివాడికి మినహాయింపు రాస్తే అది నా తప్పు, జబ్బున్నవాణ్ణి పనికి పంపి వాడు పడిపోతే అదీ నా తప్పే. మందుల అలమారలో యుద్ధం పుణ్యమా అని సగం సీసాలు ఖాళీ. ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి రావలసిన భేది ఉప్పు రావడం మానేసింది. మన మెట్టచేలల్లో పండి మన గానుగల్లో ఆడే ఆముదానికి మాత్రం కరువు లేదు. కడుపు ఉబ్బరమన్నా, తలనొప్పన్నా, అన్నం సయించడం లేదన్నా ముందు ఒక మోతాదు ఆముదం పోయించేవాణ్ణి. ఆముదం తాగినవాడికి ఆ రోజు పని మినహాయించాలని నిబంధన ఉండేది. వేరే దారి కూడా లేదు, వాడు గనిలో ఎక్కడికని పరిగెత్తుతాడు?

ఆసుపత్రంటే రెండు గదులు, వెనక ఒక గుడారం. అక్కడ ఆయాగా శాంతమ్మ ఉండేది. పక్కనున్న మిషను పల్లెలో రెండెకరాల రైతు కుటుంబం వాళ్ళది, ఆదివారం చర్చికి పోకుండా ఉండేది కాదు. ఆముదం పోసే పని ఆమెదే. ఇటలీవాళ్ళయినా సరే, చంటిపిల్లలకు పోసినట్టు గడ్డం పట్టుకుని పోసి, వెంటనే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. మొదట్లో నవ్వుకున్న ఖైదీలు తరువాత ఆ బెల్లం కోసమే వస్తున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది.

మార్చిలో ఒకరోజు బెప్పె అనే ఖైదీ కడుపునొప్పితో వచ్చాడు. మనిషి ఆరడుగుల పైమాట, అరచేతులు చేటలంత ఉండేవి. ఊళ్ళో రాతిపని చేస్తూనే పెద్ద పట్నపు ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కీపరుగా ఎంపికై, రెండో వరస జట్టులో ఆడాడట. యుద్ధం రాకపోతే మొదటి వరసలోకి వచ్చేవాడినని చెప్పుకునేవాడు. గనిలో మనవాళ్ళతో కలిసిమెలిసి తిరిగి మన మాట పట్టేశాడు. కూలీలు అతన్ని బెప్పన్న అనేవాళ్ళు. నన్నతను డాక్టరప్పా అని పిలిచేవాడు. ఆ పిలుపు సరి కాదని దిద్దబోయి, బాగానే ఉంది కదా అనిపించి వదిలేశాను.

నేను అలవాటుగా ఆముదం రాశాను. శాంతమ్మ సీసా తీసింది. ఆ వాసన తగలగానే బెప్పె మొహంలో రక్తం లేకుండా పోయింది. రెండడుగులు వెనక్కు వేసి గోడకు ఆనుకున్నాడు.

“అది వద్దప్పా. నొప్పి పోయింది. నేను పనికి పోతా,” అన్నాడు.

సీసాకు భయపడే సిపాయిని నేను అంతవరకు చూడలేదు. పెరేడ్ అయ్యాక కూర్చోబెట్టి అడిగాను. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అతని తండ్రి వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ మైదానానికి కాపలాదారు. ఒకప్పుడు ఆయనా గోల్ కీపరే. ఆటకు ముందు జట్టంతా చెయ్యి ముందుకు చాచి నాయకుడికి వందనం చెయ్యాలని నల్లచొక్కాలవాళ్ళు, అంటే అక్కడి ఫాసిస్టు పార్టీ మనుషులు, హుకుం పెట్టారు. మైదానంలో చేతులు బంతి పట్టడానికే తప్ప ఇంకెందుకూ కాదని ఆ ముసలాయన అందరూ వినేలా అన్నాడు. మరునాడు ఆయన్ను వీధిలోకి లాక్కొచ్చి, నోరు తెరిపించి, సీసాడు ఆముదం పోశారు. అక్కడ అది వాళ్ళకు అలవాటైన శిక్షట. మనిషి వీధిలో నలుగురి ముందు బట్టలు పాడుచేసుకోవాలి, అందరూ చూసి నవ్వాలి.

“మా నాయన మళ్ళా గ్రౌండుకు పోలేదప్పా. ఇంట్లోనే కూసుండె. శానా దినాలు మాట్లాడల్యా,” అన్నాడు.

నేను పుట్టినప్పటి నుంచి ఆముదం తాగుతున్నాను. మా అమ్మ నెలకోసారి మా అందరికీ పోసేది. అది మనిషిని విరవడానికి పనికొస్తుందన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు. విన్న తరువాత ఆ సీసాను అలమారలో వెనక వరసకు జరిపాను. దాని వల్ల లాభం లేదు, వాసన గదంతా ఉంది.

సాయంత్రాలు ఖైదీలు రాతిపొడి పరిచి చదును చేసిన జాగాలో ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్ళు. కాపలా కంపెనీలో మనవాళ్ళకూ ఒక జట్టు ఉండేది. దానికి నాయకుడు నాయక్ హోదా ఉన్న ఓబులేసు, అహోబిలం దారిలో ఒక పల్లెటూరివాడు. బూట్లు వేసుకుంటే బంతి తగలదని వట్టికాళ్ళతో ఆడేవాడు. రెండు జట్లూ అప్పుడప్పుడూ తలపడేవి, మన జట్టు ఎప్పుడూ ఓడేది, ఎవరికీ బాధ ఉండేది కాదు. బెప్పె గోల్‌లో నిలబడితే బంతి దాటించడం కష్టమని గనిలో కూలీలకు కూడా తెలుసు.

మేలో మేజరుకు పైనుంచి ఆదేశం వచ్చింది. ఖైదీల జట్టుకూ కాపలా జట్టుకూ మధ్య పెద్ద మ్యాచ్ పెట్టాలి, జిల్లా పెద్దలు వస్తారు, మద్రాసు నుంచి ఒక ఫొటోగ్రాఫరు వస్తాడు. ఇటలీ ఖైదీలు మా దగ్గర ఎంత హాయిగా ఉన్నారో లోకానికి చూపించే ఫొటోలు కావాలి. ఖైదీల జట్టులో అసలైన క్లబ్బు ఆటగాడు బెప్పె ఒక్కడే కాబట్టి అతను గోల్‌లో ఉండి తీరాలి. ఎవడైనా చెయ్యి చాచి వందనం చేస్తే మాత్రం ఫొటో పనికిరాదు. చేసినవాణ్ణి ఉత్తరాదిన ఉన్న శిక్షా క్యాంపుకు పంపిస్తానని మేజరు ముందే చాటించాడు.

ఈ సంగతి తెలిసి ఖైదీల పెద్ద మరో లెక్క వేసుకున్నాడు. ఆయన్ను మారెషల్లో అనేవాళ్ళు, మన సుబేదారు మేజరు వంటి హోదా. సన్నగా, మర్యాదగా ఉండేవాడు, ఎండలో కూడా గుండీలన్నీ పెట్టుకునేవాడు. వాళ్ళ దేశం ప్రపంచ కప్పు వరసగా రెండుసార్లు గెలిచిందనీ, రెండోసారి ఫ్రాన్సులో చెయ్యి చాచి నిలబడితే జనం ఈలలు వేసి గోల చేశారనీ, గోల తగ్గి చేతులు దించిన తరువాత మళ్ళీ ఎత్తించి నిలబెట్టారనీ నాకు ఇంగ్లీషులో గర్వంగా చెప్పాడు. ఇక్కడా అంతే జరగాలి. ఫొటోలో పదకొండు చేతులు లేవాలి. అందులో గోల్ కీపరు చెయ్యి అందరికన్నా పొడుగు.

ఆయన ఈ కబుర్లు చెప్పడానికి నా గదికి రాలేదని నాకు తెలుసు. లేవబోతూ అసలు మాట చెప్పాడు. గోల్ కీపర్లకు ఆటలో వేళ్ళు విరగడం మామూలేననీ, ఆట అయిన తరువాత కూడా అప్పుడప్పుడూ విరుగుతాయనీ, ఈ విషయం డాక్టరుగారికి చెప్పనక్కరలేదనీ అన్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

బెప్పె మరునాడు పెరేడ్‌లో చివర నిలబడ్డాడు.

“డాక్టరప్పా, నాకేమీ జబ్బు ల్యా. ఆ ఆట నుంచి నన్ను తప్పించు. చెయ్యెత్తితే మేజరు పంపిస్తాడు. ఎత్తకపోతే మావోళ్ళు ఇరగ్గొడతారు. ఎత్తేది మాత్రం నావల్ల గాదు, మా నాయన మొగం చూడాల కదా,” అన్నాడు.

నా చేతిలో న్యాయమైన దారి ఒకటే ఉంది. మ్యాచ్ రోజు పొద్దున ఆముదం తాగితే, నిబంధన ప్రకారం ఆ రోజంతా మినహాయింపు. మేజరైనా ఏమీ అనలేడు. ఆ మాట చెప్పడానికి నాకే నోరు రాలేదు, అయినా చెప్పాను.

“అదొక్కటి గాదప్పా. కాలు ఇరగ్గొట్టు, ఒప్పుకుంటా,” అన్నాడు.

నేను కాళ్ళు విరిచే డాక్టరును కాదని కసురుకున్నాను. కోపం అతని మీద కాదు. మేజరు ఆ పూటే పిలిపించి, కీపరు ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. బాగానే ఉండాలి డాక్టర్, అన్నాడు. కాస్సేపు కాగితాలు తిరగేసి, మీ అన్న బళ్ళారిలో ఉన్నాడని విన్నాను, అక్కడ ఎండలు ఎక్కువట కదా, అని అడిగాడు. నేను అవునన్నాను. ఒకే మనిషి ఆడి తీరాలని ఇద్దరు శత్రువులు నన్ను విడివిడిగా హెచ్చరించారు. ఉద్యోగంలో అంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను.

మ్యాచ్‌కు ముందు రోజు బెప్పెను శాంతమ్మే నా దగ్గరికి తీసుకొచ్చింది. చొక్కా ఎత్తి చూపించింది. వీపూ ఛాతీ నిండా చెమటకాయలు. ఆ ఎండల్లో అందరికీ ఉండేవే. కాని వాటి మధ్య ఛాతీ మీద మూడు నాలుగు పొక్కులు నీరు పట్టి మెరుస్తున్నాయి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. గని కూలీల పల్లెలో ఆ నెలలో రెండిళ్ళలో చిన్నమ్మవారు, అంటే ఆటలమ్మ, పోసింది, ఆ ఇళ్ళకు నేనే వెళ్ళి చూసివచ్చాను. చెమటకాయలే ఎండకు నీరు పట్టి ఉండవచ్చు. అమ్మవారు మొదలై ఉండవచ్చు. మొదటి రోజు పొక్కును చూసి చెప్పగలిగిన మొనగాణ్ణి నేను కాదు, నాకు చదువు చెప్పినవాళ్ళూ కాదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం నిబంధన స్పష్టంగా చెబుతుంది. అనుమానం ఉన్నవాణ్ణి వెంటనే వేరుచేయాలి. అతనితో ఒకే కొట్టంలో పడుకునేవాళ్ళను జబ్బు తేలేదాకా బయటికి వదలకూడదు.

ఆటగాళ్ళు పదకొండు మందీ ఒకే కొట్టంలో ఉండేవాళ్ళు.

నేను కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. యుద్ధకాలంలో మిలిటరీ కార్యక్రమానికి అడ్డు తగిలాడని నామీద కేసు పెట్టడం ఎంతసేపు? అన్న జైల్లో, తమ్ముడు జైల్లో, కర్నూలులో మా అమ్మ ఒక్కతే. అనుమానం అని రాస్తే అబద్ధం కాదు. చెమటకాయలు అని రాస్తే అదీ అబద్ధం కాదు. చివరికి, ఈ పొక్కులు ఒక మామూలు కూలీ ఛాతీ మీద ఉంటే ఏం రాసేవాణ్ణో అదే రాయాలని నిశ్చయించుకున్నాను. అనుమానం అనే రాసేవాణ్ణి. అలాగే రాసి సంతకం చేశాను. బెప్పెను వెనక గుడారంలోకి మార్చాను.

మేజరు ఎర్రబడ్డాడు. ఒక గంట బయటికి తెచ్చి, గోల్‌లో నిలబెట్టి, ఫొటో తీయించి మళ్ళీ గుడారంలో పెట్టమన్నాడు. అది నా అధికారంలో లేదన్నాను. తన అధికారంలో ఉందని ఆయన అన్నాడు. అదీ నిజమే. నా కాగితం ఆయనకు సలహా మాత్రమే.

కాని నేను ఆఫీసు నుంచి తిరిగి వచ్చేసరికి శాంతమ్మ గుడారం ద్వారానికీ, ఆటగాళ్ళ కొట్టానికీ, ఆ పక్కనున్న క్యాంపు గేటుకూ వేపమండలు కట్టేసింది. నేను అడగలేదు. మన పల్లెల్లో అమ్మవారు పోసిన ఇంటికి వేపాకు కడితే బయటివాళ్ళు లోపల కాలు పెట్టరు, లోపలివాళ్ళు బయటికి రారు.

“నీవు చర్చికి పోయేదానివి కదమ్మా, ఇదేమిటి?” అన్నాను.

“నేను అమ్మవారికి మొక్కేది ల్యా సారూ. కానీ మీ కాగితం సదివేటోళ్ళు ఈడ ఎంతమంది ఉండారు? ఇదైతే అందరూ సదువుతారు,” అంది.

మధ్యాహ్నం షిఫ్టుకు రాళ్ళు మోసే కూలీలు గేటు దాకా వచ్చి, మండలు చూసి, తట్టలు తలకెత్తుకుని వెనక్కి తిరిగారు. నాయక్ ఓబులేసు మేజరు ముందు అటెన్షన్‌లో నిలబడి, సగం హిందుస్తానీ సగం ఇంగ్లీషులో మనవి చేసుకున్నాడు. అతను చెప్పింది తరువాత నాకు మన మాటలో వినిపించాడు.

“మేము ఆడేది ఆడతాం సార్ అంటి. హుకుం కదా. కానీ అమ్మవారు ఉండే కొట్టం తెరిచి ఆట ఆడించినారని తెలిస్తే, పల్లెలోంచి మనిషి రాడు. రాయి కదలదు. వ్యాగన్లు వట్టివే పోవాల అంటి.”

వ్యాగన్ల మాట వినగానే మేజరు ఆగాడు. స్టేషనులో అప్పటికే వరసగా వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. మ్యాచ్ వాయిదా వేశారు. ఫొటోగ్రాఫరు బేతంచెర్లలో దిగి, ఎండలో నాపరాళ్ళను రెండు ఫొటోలు తీసుకుని తరువాతి బండికి వెళ్ళిపోయాడు. మేజరు మాత్రం నా రోగ నిర్ధారణను పరీక్షించడానికి ఒక మెడికల్ కెప్టెన్‌ను పంపమని పైకి తంతి కొట్టించాడు.

కెప్టెన్ వచ్చేదాకా నేను పడిన అవస్థ చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది. తెల్లవారగానే గుడారంలోకి దూరి, పొక్కులు పెరిగాయా, కొత్తవి వచ్చాయా అని ఆ ఛాతీని వెతికేవాణ్ణి. ఒక మనిషికి జబ్బు రావాలని, అదీ నా దగ్గరున్న రోగికి రావాలని, నేను కోరుకున్నది నా ఉద్యోగం మొత్తంలో అప్పుడే. సిగ్గుగా ఉండేది, అయినా వెతికేవాణ్ణి. రెండోనాడు పొక్కులు వాడిపోతున్నట్టు కనిపించాయి. బెప్పె నా మొహం చూసి, మెల్లగా చెప్పాడు.

“డాక్టరప్పా, నీకు చెప్పల్యా. చిన్నప్పుడే నాకు ఈ అమ్మవారు వచ్చి పోయిందని మా అమ్మ చెప్తాండె.”

ఒకసారి వచ్చినవాడికి చిన్నమ్మవారు మళ్ళీ రావడం అరుదు. పెద్దమ్మవారు, అంటే మశూచి, టీకా పడినవాడికి ఇలా పలచగా మొదలవుతుంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. శాంతమ్మ నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చి, ముందు మీరు కూసోండి సారూ అంది.

కెప్టెన్ వచ్చాడు. బెప్పె చొక్కా విప్పించి, ఒక నిమిషం చూసి, చెమటకాయలు అన్నాడు. తెలిసి రాశావా తెలియక రాశావా అని నన్నడిగాడు. ఆ రోజు తెలియలేదు సార్ అన్నాను. మొదటి రోజు తనకైనా తెలిసేది కాదని ఒప్పుకున్నాడు, అయినా కింది ఉద్యోగి తొందరపాటు అని నా సర్వీసు రిజిస్టరులో రిమార్కు రాసి వెళ్ళాడు. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. మళ్ళీ ఇలా జరిగితే ఇంక్రిమెంటుతో పోదని మేజరు చెప్పాడు. మేజరు కోపానికి దొరికిన మరో మనిషి మారెషల్లో. ఆయన వందనం ఏర్పాట్లు ఎవరో చెప్పేశారు, ఆయన్ను ఉత్తరాదికి పంపించారు. పోతూ నాకు నమస్కారం చేశాడు, మర్యాద తప్పని మనిషి.

ఆ సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయింది. నిన్నటి శత్రువులు ఇవాళ సగం మిత్రులయ్యారు. ఇంగ్లీషువాళ్ళకు సహకరిస్తామని సంతకం చేసినవాళ్ళకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చారు. పని చేసుకోవచ్చు, కంచె బయట తిరగవచ్చు అని బెప్పె కూడా సంతకం చేశాడు. ఇక అతనికి బెడద లేదని నేను నమ్మాను. ఇకమీద ఖైదీలు గోలీలాడే పిల్లల్లా నవ్వుతూ బంతి ఆడుకుంటారనుకున్నాను.

1944 జనవరిలో మ్యాచ్ మళ్ళీ పెట్టారు. అదే మైదానం, అదే ఫొటోగ్రాఫరు. ఈసారి జట్టంతా వరసగా నిలబడి, విజయానికి గుర్తుగా చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాలి. అలా నిలబడిన ఫొటో దేశదేశాల పత్రికల్లో వేస్తారు. గోల్ కీపరు మధ్యలో ఉండాలి.

మ్యాచ్ రోజు పొద్దున బెప్పె సిక్ పెరేడ్‌కు వచ్చాడు.

“ఈసారి రెండు వేళ్ళంట, డాక్టరప్పా,” అన్నాడు.

అతని తల్లీ తండ్రీ ఉన్న ఊరు ఇటలీకి ఉత్తరాన ఉంది. ఆ భాగం ఇంకా జర్మన్ల చేతిలోనూ, వాళ్ళ అండతో మిగిలిన నల్లచొక్కాలవాళ్ళ చేతిలోనూ ఉంది. కొడుకు ఇంగ్లీషువాళ్ళ కోసం వేళ్ళు చూపిస్తున్న ఫొటో అక్కడికి చేరితే ఆ ముసలాయన గుమ్మం ముందుకు మళ్ళీ సీసా వస్తుంది, ఈసారి సీసాతో పోదు. ఈ మాట మేజరుకు చెప్పుకోవచ్చు కదా అన్నాను. చెప్పాడట. సంతకం చేశావు కదా, ఇంకా అవతలి పక్షం మీద ప్రేమ పోలేదా అని మేజరు అనుమానంగా చూశాడట.

నేను అతని చొక్కా ఎత్తి చూశాను. జనవరి చలికి చెమటకాయ ఒక్కటి లేదు. శుభ్రమైన ఛాతీ. కళ్ళు చూశాను, నాలుక చూశాను, నాడి పట్టుకున్నాను. ఏదో ఒకటి దొరకాలని ఒళ్ళంతా వెతికాను. నా రిమార్కు సంగతి అతనికి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నీకు మళ్ళా రిమార్కు వద్దప్పా. అది పొయ్,” అని అలమారలో వెనక వరస చూపించాడు.

నేను కదలలేదు. నీవు తాగలేవు అన్నాను.

“మా నాయనకు వాళ్ళు పోసిరి. నేను అడిగి తాగుతాండా. పొయ్యమ్మా,” అని శాంతమ్మ వైపు తిరిగాడు.

శాంతమ్మ పోసింది. గడ్డం పట్టుకోబోతే వద్దని, గిన్నె తన చేతుల్లోకి తీసుకున్నాడు. గిన్నె అంచు పళ్ళకు తగిలి టకటకమని చప్పుడైంది. సగంలో ఆగి, కళ్ళు మూసుకుని, మిగతాది కూడా తాగేశాడు. ఆమె బెల్లం ముక్క ఇచ్చింది. దాన్ని నోట్లో వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. నేను కాగితం మీద ‘ఆముదం, ఈ రోజు మినహాయింపు’ అని రాసి ముద్ర వేశాను. మేజరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, అందులో తప్పు దొరకలేదు.

గోల్‌లో వంటవాణ్ణి నిలబెట్టారు. అతను దక్షిణాదివాడు, వాళ్ళ ఊరు అప్పటికే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. ఒక సిగరెట్టు పెట్టెకు పది వేళ్ళూ చూపిస్తానన్నాడు. మన జట్టు మొదటిసారి గెలిచింది. గోల్ కొట్టిన ఓబులేసు సాయంత్రం వచ్చి, బెప్పన్న లేని ఆటలో గెలిస్తే ఏముంది సార్ అని వాపోయాడు. బెప్పె అప్పటికి మరుగుదొడ్డికీ కొట్టానికీ మధ్య తిరిగి తిరిగి సొమ్మసిల్లి నిద్రపోయాడు.

యుద్ధం ముగిసిన తరువాత ఖైదీలను ఓడ ఎక్కించారు. బెప్పె తండ్రి బతికి ఉన్నాడో లేదో నాకు తెలియలేదు. మా అన్న క్షమాపణ మీద సంతకం చేయకుండానే విడుదలయ్యాడు. నా రిజిస్టరులో రిమార్కు మాత్రం రిటైరయ్యేదాకా అలాగే ఉంది.

ఈ సంఘటన నాకు నేర్పింది వైద్యానికి సంబంధించిన విషయమే. అంతవరకు మందంటే పేరు, మోతాదు, వేళ అనుకునేవాణ్ణి. అదే ఆముదం, అదే మోతాదు, పోసే చెయ్యిని బట్టి శిక్ష అవుతుంది, అడిగే నోటిని బట్టి రక్ష అవుతుంది. ఆ తరువాత కమలాపురంలో పనిచేసినా, ఇంకెక్కడ పనిచేసినా, ఎంత రద్దీగా ఉన్నా, మందు రాసేముందు రోగిని ఒక మాట అడగడం నాకు అలవాటైంది. ఇది ఇంతకు ముందెప్పుడైనా తాగావా, ఎవరు తాగించారు అని. చాలామంది మా అమ్మ అని చెప్పేవాళ్ళు. వాళ్ళకు రాసేవాణ్ణి. చెప్పకుండా తల దించుకున్నవాళ్ళకు వేరే మందు వెతికేవాణ్ణి.